తాబేటి చిప్ప మీద రెండో గుంట

రూ నది మూడోసారి ఊరిగోడ దాటి వచ్చిన ఏడాది జరిగిన సంగతి ఇది. మొదటి వరదకి నేను పుట్టలేదు. రెండో వరదలో మా నాన్న పోయాడు. మూడో వరద నాటికి నాకు నలభై దాటాయి. అప్పటికి నాకు రెండు పాదాలూ ఉన్నాయి.

ఆ వరద మనుషుల్ని పెద్దగా పట్టుకుపోలేదు. కొర్రచేలు ఇసుక మేట వేశాయి. పందులు కొట్టుకుపోయాయి. నీళ్ళు తీసిన నాలుగో రోజున ఊరికి ఉత్తరాన ఉన్న దిబ్బ సగానికి విరిగి ఏట్లో పడింది. ఆ దిబ్బ కింద సమాధిలో ఉన్నది పెద్దదొర. దొరలందరికీ పైన ఏలే చౌ రాజు దగ్గర ఈ రువాన్ నేల పుచ్చుకుని, బళ్ళు కట్టుకుని వచ్చి, నాలుగు మూలలా రాళ్ళు పాతించినవాడు. మా దొరకి తాత.

అందరం చూడబోయాం. పెద్దదొర పెట్టె ఇంకా మట్టిలోనే ఉంది. బయటపడింది ఆయనతోపాటు చుట్టూ పూడ్చినవాళ్ళు. అయిదుగురు. ఎముకలే. ఒకడి పక్కన చిలుము పట్టిన కంచు కళ్ళెం. ఒకడి పక్కన మూడుకాళ్ళ వంటకుండ. ఒకామె వేళ్ళ దగ్గర ఎముక దువ్వెన. అందరి తలలూ పెద్దదొర వైపే తిరిగి ఉన్నాయి. కుండ పక్కన ఉన్నవాడి చేతులు వీపు వెనక ఉన్నాయి. నోరు బార్లా తెరిచి ఉంది.

"చూడన్నా, ఉప్పు చాల్లేదని ఎవరో తిడితే నోరెళ్ళబెట్టినట్టున్నాడు," అన్నాడు మా తమ్ముడు పావ్. వాడు దొర వంటవాడు. వాడు ఏదంటే దానికి నవ్వే ఊరు, ఆ రోజు నవ్వలేదు.

దొర కూడా వచ్చాడు. అంచు దాకా నడిచి చాలాసేపు చూశాడు. వెనక జోస్యుడు వెయ్‌ఫూ ఉన్నాడు.

"మా నాన్నగారి దగ్గర ఎవరున్నారు?" అని దొర అడిగాడు.

"గడ్డిబొమ్మలు దొరా. మనుషులు వద్దని తమరే అన్నారు."

"నేనా?"

"తమరికప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి, గడ్డితో చేసి పెట్టండి అన్నారు. ఊరంతా తమరికి దణ్ణం పెట్టింది."

దొర తిరిగి వస్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. ఆ వారమే చలిజ్వరం పట్టుకుంది. ఎండాకాలంలో తోలుకోటు వేసుకుని కూర్చునేవాడు. తాత దిబ్బ ఊరికే విరగలేదనీ, ఆయన తన మనుషుల్ని చూపించి, నీవాళ్ళేరిరా అని అడుగుతున్నాడనీ అనేవాడు. పావ్ కొర్రగంజి తీసుకెళ్తే రెండు మెతుకులు తిని, "అక్కడ కూడా ఇలాగే కాస్తావా?" అని అడిగాడట.

"నువ్వేమన్నావురా?" అన్నాను.

"ఏమంటానన్నా? అక్కడ కట్టెలు ఎలా ఉంటాయో చూసి చెప్తానన్నాను." వాడు నవ్వబోయాడు.

పదిరోజులకి చాటింపు వేశారు. దొర వెంట వెళ్ళడానికి అయిదుగురి పేర్లు. రథం తోలే ష్యోంగ్. వంట పావ్. కల్లు పోసే చూ. తల దువ్వే లియెన్. వాకిలి కాసే మో. ఆ వరస మార్చడానికి లేదు. ఒక్కొక్కరి గురించీ తాబేటి చిప్పని అడుగుతారు. చిప్ప ఔనంటే వెళ్ళాలి. కాదంటే వాళ్ళ బదులు గడ్డిబొమ్మ పెడతారు.

ఆ చిప్పలు తయారుచేసేది నేను. మా నాన్న పనీ అదే. చిన్నప్పుడు నన్ను లేఖకుల దగ్గర చదువుకి వేశారు. నోరు విప్పడంలేదని మూడేళ్ళకి పంపేశారు. నేర్చుకున్న నాలుగక్షరాలూ చిప్ప మీద పేర్లు చెక్కడానికి పనికొచ్చాయి.

పని ఇదీ. దక్షిణాది నుంచి వచ్చిన తాబేటి పొట్టచిప్పని గీకి, నునుపు చేసి, లోపలి వైపు కంచు ఉలితో గుంటలు తొలవాలి. అడిగే రోజున జోస్యుడు ముళ్ళకర్రని నిప్పుల్లో ఎర్రగా కాల్చి గుంటలో పెడతాడు. బయటి వైపు టప్పుమని చీలుతుంది. నిలువుగా ఒక గీత, దాని నడుం నుంచి పక్కకి ఒక కొమ్మ. కొమ్మ పైకి లేస్తే ఔను. కిందికి వాలితే కాదు. పైకి అంటే తాబేలు తల ఉండే వైపుకి. నేను పుట్టాక ఎప్పుడూ అంతే చూశాను.

గుంట అడుగున ఒక పక్క వెంట్రుక మందం ఎక్కువ గీకితే చీలిక అటే పోతుంది. ఇది మా నాన్న నాకు చెప్పాడు. చెయ్యమని చెప్పలేదు. చెయ్యి అటు పోకుండా చూసుకోమని చెప్పాడు.

నేను తొలవడానికి కూర్చున్న రోజు దొర నా పాకకి వచ్చాడు. ఇద్దరు కుర్చీ మీద మోసుకొచ్చారు. వాళ్ళని బయటికి పొమ్మన్నాడు.

"గెన్, నువ్వు మాట్లాడవని అంతా అంటారు."

"ఆఁ, దొరా."

"అందుకే నీ దగ్గరికి వచ్చాను." ఆయన చేతులు కోటు లోపలికి లాక్కున్నాడు. "నాకు ఆరేళ్ళప్పుడు మా తాత నన్ను గుర్రాలసాల వెనక గాదెలో పెట్టి తలుపు వేశాడు. దొర అయ్యేవాడికి భయం ఉండకూడదని. పొద్దు గుంకేదాకా అరిచాను. అందరూ విన్నారు. ఒక్కడూ రాలేదు. ఇప్పుడు మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి. ఒక్కణ్ణీ పోలేను గెన్. నావల్ల కాదు."

నేను తలొంచుకున్నాను.

"ఎవర్నీ ఈడ్చుకుపోను. చిప్ప ఔనన్నవాళ్ళే. ఆ మాట వాళ్ళది కావాలి, నాది కాకూడదు. తిన్నగా తొలుస్తావు కదూ?"

"తొలుస్తాను దొరా."

ఆయన నా ఉలి తీసుకుని మొన మీద వేలు పెట్టి చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టాడు. వేలు మంచులా ఉంది. నాకు ఆయన మీద జాలేసింది. ఆయన కుర్చీ వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, తల వైపు నుంచి తోక వైపుకి అయిదు గుంటలు తొలిచాను. నాలుగు తిన్నగా తొలిచాను. రెండోది పావ్‌ది. దాని అడుగున, తోక వైపుకి, వెంట్రుక మందం గీకాను.

అయిదూ వంచవచ్చు కదా అని తోచకపోలేదు. అయిదూ కాదంటే వెయ్‌ఫూ చిప్పని వెలుగుకి పట్టి చూస్తాడు. చూస్తే మా ఇంటి పేరున్న వాళ్ళెవరూ మిగలరు. ఒక్కదానికే నాకు ధైర్యం చాలింది.

అడిగే రోజు పొద్దెక్కాక అందర్నీ గుడి ముంగిట్లో నిలబెట్టారు. అయిదుగురూ ముందు వరసలో ఉన్నారు. ష్యోంగ్ గుర్రాల వాసన కొడుతున్నాడు. చూ తాగి వచ్చాడు. ముసలి మో పళ్ళు లేని నోటితో ఏదో నములుతూనే ఉన్నాడు. లియెన్‌కి ఇరవై రెండేళ్ళుంటాయి. వాళ్ళమ్మ ఇల్లు మా గోడకి అవతల. నన్ను బాబాయ్ అనేది. ఆ రోజు దొర తల దువ్వి నేరుగా వచ్చింది. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది.

"బాబాయ్, చిప్పకి మా మొహాలు తెలుస్తాయా?" అని మెల్లగా అడిగింది.

"ఏమో," అన్నాను.

"తెలిస్తే ముందు నన్ను చూస్తుందిలే," అన్నాడు పావ్. "ఇంత అందగాణ్ణి మట్టిలో పెట్టడానికి తాబేలుకైనా మనసెలా వస్తుందే?"

"నీ మొహం చూస్తే కుండ మాడినట్టుంటుంది," అంది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ గుండె కొంచెం తేలికైంది. వాడు బతుకుతాడని నాకు తెలుసు.

వెయ్‌ఫూ చిప్పని పట్టులోంచి తీశాడు. దొరకి చూపించి, రాతి మీద పెట్టబోతూ ఆగాడు. చేతుల్లో దాన్ని తిప్పాడు. తోక పైకి, తల కిందికి.

నేను పొరపాటనుకున్నాను. ఆయన పొరపాటు పడలేదు.

"ఇది బతికున్నవాళ్ళ సంగతి కాదు దొరా," అన్నాడు. "మట్టి కిందివాళ్ళని అడుగుతున్నాం. వాళ్ళకి మనం తలకిందులుగా కనిపిస్తాం. చావుకి అడిగేటప్పుడు చిప్పని తిప్పి పెట్టాలి. పెద్దదొరకి మా తాత అలాగే అడిగాడు."

నేను పుట్టాక ఈ ఊళ్ళో ఎప్పుడూ చావుకి చిప్పని అడగలేదు. దొర నాన్నకి గడ్డిబొమ్మలు పెట్టారు. అడిగే పని రాలేదు. మా నాన్న ఆ సంగతి నాకు చెప్పకుండానే ఏట్లో పోయాడు. చెప్పాల్సిన పని ఉంటుందని ఆయనా అనుకుని ఉండడు.

నేను లోపల లెక్క వేసుకున్నాను. అడిగేది పైనుంచి కిందికి కనక మొదటి గుంట ఆఖరిదైంది. ఆఖరిది మొదటిదైంది. నేను వంచిన రెండోది ఇప్పుడు నాలుగోది. పైగా తోక పైకి వచ్చింది. కిందికి వాలమని నేను గీకిన కొమ్మ ఇప్పుడు పైకి లేస్తుంది.

నాలుగో పేరు లియెన్‌ది.

అరవాలనుకున్నాను. అరవలేదు. వెయ్‌ఫూ ముళ్ళకర్ర ఊదాడు. పొగ లేచింది.

"రథం తోలే ష్యోంగ్."

టప్. కొమ్మ పైకి లేచింది. ఔను. ష్యోంగ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"వంట పావ్."

అది నేను తిన్నగా తొలిచిన గుంట. దానికి నేనేమీ చెయ్యలేదు. టప్. కొమ్మ కిందికి వాలింది. కాదు. పావ్ గట్టిగా గాలి పీల్చి నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూడలేదు.

చూ కాదు. వాడు ఏడుపు మొదలెట్టాడు, ఎవరో ఊరుకోబెట్టారు.

"తల దువ్వే లియెన్."

ఆ చప్పుడు మిగతావాటికంటే చిన్నది. పలచగా ఉన్న చోట అంతే. కొమ్మ నిటారుగా పైకి లేచింది. అంత చక్కటి గీత నేనెప్పుడూ చూడలేదు.

"తేటగా ఉంది," అన్నాడు వెయ్‌ఫూ. "పెద్దదొరే అడిగి పిలిపించుకున్నట్టుంది."

దొర కళ్ళు మూసుకుని తలూపాడు. ఆయన భుజాలు కొంచెం దిగాయి. లియెన్ దువ్వెన పళ్ళని వేలితో ఒక్కొక్కటే తడుముతూ నిలబడింది. మో పేరుకి ఔను వచ్చినట్టు గుర్తు. నేను సరిగ్గా వినలేదు.

సాయంత్రం పావ్ పంది కొవ్వు వేసి కొర్రన్నం వండాడు. పొద్దు ఇంకా ఉంది. వాడు వండుతూనే పాడుతున్నాడు. నేను పొయ్యి పక్కన కూర్చున్నాను.

"తినన్నా. నేను బతికినందుకు నువ్వు పస్తుంటావా ఏంటి?"

చెప్పాను. నా బతుకులో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు.

"అంటే నాకోసం చేసింది..."

"ఆఁ."

"ఆ పిల్లకి తగిలింది."

"ఆఁ."

"నువ్వు చెయ్యి పెట్టకపోయినా నాకు కాదనే వచ్చేది."

"వచ్చేది."

వాడు గరిటె కింద పెట్టాడు. "రోజూ పొద్దున్నే దొర తల దువ్వి, వంటింట్లోకి వచ్చి, ఉల్లికాడలు తరిగి పెట్టి పోయేదన్నా. అడక్కుండానే." కుండ దించి, "రేపు నువ్వే కదా పేర్లు చెక్కేది?"

"నేనే."

చెక్కి, గీతల్లో ఇంగిలీకం నింపి ఎరుపు చేసేదాకా చిప్ప మాట నిలవదు. ఈలోగా చిప్ప పగిలితే అయిదుగుర్నీ కొత్త చిప్ప మీద మళ్ళీ అడగాలి. పగలగొట్టినవాడికి ఎడమ పాదం పోతుంది. కావాలని పగలగొట్టాడని తేలితే ఇంటిల్లిపాదీ పోతారు. ఇది వాడికీ తెలుసు.

"మళ్ళీ అడిగితే నేను కూడా నిలబడాలి," అన్నాడు.

"ఆఁ."

"ఆ నోరు తెరిచినవాడు రోజూ కళ్ళలో మెదులుతున్నాడన్నా. చేతులు వెనక్కి కట్టేసి..." వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. "పగలగొట్టకు." తర్వాత పట్టు వదిలేశాడు. "నాకేం చెప్పకు. నువ్వేం చేసినా సరే, నాకు మాత్రం చెప్పకు."

అన్నం ఇద్దరం తినలేదు. కుక్కకి పెట్టాం.

తర్వాతి సంగతి ఊరంతా ఎరిగిందే. గెన్ చిప్ప చెక్కడానికి చేతులు కడుక్కున్నాడు, చేతులు తడిగా ఉన్నాయి, చిప్ప జారి గడప రాయి మీద పడి మూడు ముక్కలైంది. కొత్త చిప్ప తొలవగలిగినవాడు వేరే లేడు కనక, పాదం తియ్యడం నా పని అయ్యేదాకా ఆపారు. తొలిచినంతసేపూ వెయ్‌ఫూ నా పక్కనే కూర్చున్నాడు. ప్రతి గుంటలోనూ బొటనవేలు పెట్టి తడిమాడు. అయిదూ తిన్నగా తొలిచాను. మర్నాడు పాదం తీశారు. నన్ను చాప మీద మోసుకొచ్చి ముంగిట్లో పడుకోబెట్టారు, నా చిప్ప ఏమంటుందో నేను కూడా వినాలని.

ష్యోంగ్ కాదు. పావ్ ఔను. చూ కాదు. లియెన్ కాదు. మో ఔను.

పావ్ నా వైపు తిరిగి చూశాడు. నన్ను ఏమీ అడగలేదు. తర్వాత కూడా అడగలేదు.

ఏరు గడ్డకట్టిన నెలలో దొర పోయాడు. ఆఖరి రోజుల్లో ఎవరు పక్కన కూర్చున్నా చెయ్యి పట్టుకుని వదిలేవాడు కాదట. పోయాక ఆయనకి శాంతదొర అని పేరు పెట్టారు. అలాంటి పేర్లు పెట్టేది పోయినవాళ్ళని దగ్గరగా చూడనివాళ్ళు. పావ్‌కి ముందుగా కల్లు బాగా పట్టించారు. గోతిలోకి దిగే మెట్టు దగ్గర వాడు నిలబడి, మూడుకాళ్ళ కుండలోకి తొంగిచూసి, "అడుగు సరిగ్గా తోమలేదురా, అక్కడ తిట్లు తినేది నేను," అన్నాడు. జనం నవ్వారు. ఊరు వాడి మాటకి మళ్ళీ నవ్వింది ఆ రోజే. వాణ్ణి మాత్రం ఇద్దరు చంకల కింద చేతులు వేసి దించారు. నేను కర్ర మీద నిలబడి చూశాను. మట్టి వెయ్యడం మొదలయ్యాక కింద నుంచి వచ్చిన చప్పుడు విన్నాను. అది చెప్పను.

లియెన్ పెళ్ళి చేసుకుని తూర్పు ద్వారం దగ్గర కాపురం పెట్టింది. ఏటా కొత్త కొర్రలు రాగానే నాకు గంజి కాచి తెచ్చేది. "నీ చెయ్యి జారబట్టి బతికాను బాబాయ్. నీకేమో పాదం పోయింది, తమ్ముడూ పోయాడు. ఈ గంజి నీ గొంతు ఎలా దిగుతుందో," అనేది. నేను తాగేవాణ్ణి. నాలుగో వరద వచ్చింది, అయిదోదీ వచ్చింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. మా ఇంటి పేరున్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఇది చెబుతున్నాను.

చిప్పని మొదటిసారి అడిగిన మర్నాడు పొద్దున వెయ్‌ఫూ కుంచెతో అయిదు పేర్లూ రాసి, చెక్కమని నన్ను గుడికి పిలిచాడు. నాకొచ్చిన నాలుగక్షరాల్లో పావ్ పేరుంది, లియెన్ పేరుంది. ఆవిడది నాలుగో గీత పక్కన ఉంది. సిరా ఇంకా ఆరలేదు. వాకిట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాను. అంగీ అంచుకి తుడుచుకున్నాను. వేళ్ళ సందులు కూడా తుడుచుకున్నాను. పొడిగా ఉన్నాయో లేదో చెంపకి ఆనించి చూసుకున్నాను. పొడిగానే ఉన్నాయి. రెండు చేతులా చిప్ప పుచ్చుకుని గడప రాయి దాకా నడిచాను. పక్కనున్న దొర వంటింట్లోంచి తమ్ముడి గరిటె చప్పుడు వినిపిస్తోంది. అది ఆగేదాకా నిలబడి, వేళ్ళు విడిచాను.